బండ మీద మిగిలిన జత

"ఓయ్, నీ చెప్పులు యాడ?"

మోకాటి లోతు నీళ్ళలో పళ్ళు టకటకలాడిస్తూ నిలబడ్డ జయపాల్ వెనక్కి తిరిగాడు. బండ మీద ఒక అమ్మాయి, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని, నడుము మీద చేతులు పెట్టుకుని చూస్తోంది. సూర్యుడు ఇంకా రానేలేదు, ఈమె అప్పుడే మిట్టమధ్యాహ్నంలా ఉంది.

"బైకు మీద పెట్టినా. ఏం?"

"బైకు మీదా! నువ్వు మునిగిపోతే మాకెట్ల తెలియాల?"

"నేను మునగను."

"మునిగినోళ్ళంతా అదే అన్నారు. పో, తెచ్చి ఈ బండ మీద పెట్టు."

"బండ మీద పెడితే మునగరా?"

"మునుగుతారు. కాకపోతే మేము వెతుకుతాము."

ధర్మవరం చెరువుకు మొదటిసారి వచ్చిన మనిషికి ఇంతకన్నా మర్యాదైన స్వాగతం ఎవరిస్తారు! జయపాల్ వణుక్కుంటూ వెళ్ళి చెప్పులు తెచ్చాడు. అప్పటికే అక్కడ ఒక వరస ఉంది. హవాయి చెప్పులు, తోలు చెప్పులు, తెగితే పిన్నీసు గుచ్చినవి. తనవి చివర పెట్టాడు.

బండల రేవు పద్ధతి అది. మగ్గం గుంటలో కాళ్ళు వేలాడేసి పొద్దంతా కూర్చునే నేతగాళ్ళకు నడుములు బిగుసుకుపోతాయి. అందుకని తెల్లవారకముందే ఈతకు దిగుతారు. ఇటు మగవాళ్ళు, పెద్ద బండ చాటున అటు ఆడవాళ్ళు. ఎండాకాలం, వానాకాలం అన్న తేడా లేదు. పుష్యమాసంలో నీళ్ళు ఎముకలు కొరికినా ఒక్కరు మానరు. దిగేవాళ్ళు చెప్పులు బండ మీద విడుస్తారు. ఆఖరున ఎక్కినవాడు వరస చూసి, ఒక్క జత కూడా మిగల్లేదని తేలాకే ఇంటికి పోతాడు. జత మిగిలిందంటే మనిషి నీళ్ళలో ఉన్నట్టు. అప్పుడు ఈత వచ్చినవాడెవడూ ఒడ్డున నిలబడకూడదు.

ఈ రేవుకు పెద్ద నరసప్ప. పట్టు నేసే చేయి, పాము నాలుకలాంటి నోరు. "ఎండకాలం ఎనుము కూడా ఈదుతుంది. చలికాలం దిగినోడే ఈతగాడు" అనేవాడు. చెప్పులడిగిన అమ్మాయి ఆయన కూతురు భాగ్యశ్రీ. తండ్రి నేసిన చీరలు ఫోన్లో చూపించి అమ్ముతుంది. ఆ చీరలు పార్సిల్ అయ్యేది జయపాల్ పనిచేసే కొరియర్ ఆఫీసులోనే. ఆ సంగతి మర్నాడు కౌంటరు దగ్గర ఇద్దరికీ తెలిసింది.

"నువ్వా! బైకు మీద చెప్పులోడివి!"

"మేడమ్, ఈడ కస్టమర్లు స్టాఫుకు మర్యాద ఇయ్యాల."

"ఇస్తాలే. దీని మీద జాగ్రత్త అని రాయి."

"పట్టుచీర పగలదు కదా మేడమ్?"

"నువ్వు పగలగొట్టగలవు. అంత నమ్మకం ఉండాది నీ మీద."

జయపాల్ ఊరు సోమందేపల్లి, ఉద్యోగం కోసం ధర్మవరంలో గది తీసుకుని ఉంటున్నాడు. చిన్నప్పుడే తండ్రి పొలంబావిలో మోటారు ఎత్తబోయి మునిగి చనిపోయాడు. ఆ తర్వాత తల్లి రూతమ్మ కొడుకును బకెట్ నిండా నీళ్ళు పట్టనిచ్చేది కాదు. ఇరవయ్యారేళ్ళొచ్చినా వంతెన మీద బస్సు పోతుంటే కళ్ళు మూసుకునే స్థితికి వచ్చాక, సిగ్గేసి, తల్లికి చెప్పకుండా ఈతకు వచ్చాడు. విషయం విన్న నరసప్ప ఒక్క జోకు కూడా వేయలేదు. వీపుకు బెండ్లు కట్టి, పొట్ట కింద చేయి పెట్టి, పసిబిడ్డను ఆడించినట్టు నీళ్ళలో ఆడించాడు. ఒక రోజు చెప్పకుండా చేయి తీసేశాడు.

"ఈదుతాండావు రా పిల్లోడా!"

"నరసప్పన్నా, చేయి తీయద్దు!"

"తీసి చానాసేపయింది."

రేవంతా నవ్వింది. బండ చాటు నుంచి అందరికన్నా గట్టిగా నవ్విన గొంతు ఎవరిదో జయపాల్‌కు తెలుసు. ఆ రోజంతా ఆఫీసులో ఊళ్ళ పేర్లు తప్పు రాశాడు.

అలా ఎండాకాలం పోయింది, వానలూ పోయాయి. ఒక రోజు కౌంటరు మీద మోచేతులాన్చి భాగ్యశ్రీ అడిగింది.

"ఏమబ్బా, మా నాయన్ని అన్నా అంటాండావు. అట్లయితే నేను నీకేమైతా?"

జయపాల్ వరస కట్టి చూసుకున్నాడు. అన్న కూతురు తనకూ కూతురే. ముఖం పాలిపోయింది.

"రేవులో అందరూ అన్నా అనే కదా పిలుస్తారు?"

"అందరి సంగతి నాకేంటికి? నిన్నడుగుతాండా. బాగా ఆలోచన చేసుకో."

ఆలోచించడమే చేశాడు. పిచ్చివాడు, అంతకుమించి ఏమీ చేయలేదు. చేయడానికి ఏముందని? వాళ్ళ కులం వేరు, వీళ్ళ దేవుడు వేరు. వాళ్ళది తరాలుగా మగ్గం మోగిన ఇల్లు. తన తల్లి మల్బరీ తోటల్లో ఆకు కోసే కూలి. రాత్రి పడుకుని ఇవన్నీ లెక్క పెట్టుకునేవాడు, తెల్లవారి ఆమె గొంతు వినగానే అన్నీ మర్చిపోయేవాడు. మళ్ళీ రాత్రికి గుర్తొచ్చేవి. ప్రేమలో ఉన్నవాడికి ఆశ సగం కూలీ ఇస్తుంది, దిగులు రెండు పూటలా పని చేయించుకుంటుంది.

పుష్యం వచ్చింది. భాగ్యశ్రీ ఒక సాయంత్రం పార్సిల్ ఏమీ లేకుండా ఆఫీసుకు వచ్చింది.

"హిందూపురం నుంచి ఆదివారం వస్తాండారు. పిల్లోని పేరు శివప్రసాదంట. చీరల షాపు ఉండాది. తాంబూలాలు మార్చుకుంటారు."

జయపాల్ కౌంటరు మీది రసీదు పుస్తకం సర్దాడు. "మంచిది" అన్నాడు.

"మంచిదేనా?"

"ఇంగేమి చెప్పాల నేను?"

"ఏం చెప్పాల్నో కూడా నేనే నేర్పియ్యాల్నా?" ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఈత నేర్చుకుంటివి గానీ నోరు నేర్చుకోల్యా నువ్వు." గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లవారుజామున చెరువు మీద పొగమంచు ఎంతగా ఉందంటే, నాలుగు బారల అవతల ఏమీ కనిపించడం లేదు. జయపాల్ చొక్కా, ప్యాంటు, ఫోన్ మడిచి బండ మీద పెట్టాడు. చెప్పులు వరసలో విడిచి, నిక్కరు, బనియన్లతో నీళ్ళలోకి దిగాడు. రాత్రంతా నిద్ర లేదు. నరసప్ప పక్కకు ఈదుకుంటూ పోయి, గుండె చిక్కబట్టుకుని పిలిచాడు.

"మామా."

ఈదుతున్న నరసప్ప ఆగిపోయాడు.

"ఏమంటివి?"

"మామా అంటి."

సంవత్సరంగా అన్నా అన్నవాడు ఆదివారం తాంబూలాలనగా మామా అన్నాడంటే అర్థం ఏమిటో రేవులో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. నీళ్ళ చప్పుడు ఆగింది. బండ చాటున ఆడవాళ్ళ మాటలు కూడా ఆగాయి.

"పొట్ట కింద చేయి పెట్టి ఈత నేర్పితి రా నీకు" అన్నాడు నరసప్ప. ఆయన గొంతు పెద్దదేమీ కాలేదు, అదే భయం వేసింది. "నా ఇంటికే వస్తావా? రేపట్నించి నీ చెప్పులు ఈ బండ మీద కనపడకూడదు. పో."

మంచులో అప్పుడే బండ మీదికి ఎక్కిన భాగ్యశ్రీ నీడలా కనిపించింది. జయపాల్ అటు చూశాడు. ఒక్క మాట. ఆమె ఒక్క మాటంటే ఈ చెరువు తాగేసేవాడు. ఆమె తల వంచుకుంది.

అంతే. అతను వెనక్కి తిరిగాడు. ఒడ్డుకు ఎక్కాలంటే వాళ్ళందరి ముందూ నడవాలి, ఆమె ముందు నడవాలి. ఆ పని తన వల్ల కాదు. మంచులోకి, లోతులోకి ఈదుకుంటూ పోయాడు. చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే మరవ అవతలి పక్కన ఉంది. అంతదూరం ఎన్నడూ ఈదలేదు. ఏడుస్తూ ఈదాడు. ఏడ్చేవాడికి దూరం తెలియదు. మరవ దగ్గర గట్టెక్కి, రోడ్డు మీద తన ఊరి దారిన, పెనుకొండ వైపు పోతున్న టమోటా బండి ఆపి ఎక్కాడు.

చెప్పులు బండ మీదే ఉండిపోయాయి. అరికాళ్ళు చురుక్కుమన్నప్పుడైనా రేవు పద్ధతి గుర్తొచ్చి ఉంటే ఇంత గోల లేకపోయేది. అతనికి గుర్తున్నది ఒక్కటే, వంచుకున్న ఆ తల.

మధ్యాహ్నం రూతమ్మ ఆకు కోత నుంచి ఇల్లు చేరేసరికి కొడుకు వాకిట్లో నిక్కరు, బనియన్లతో కూర్చుని ఉన్నాడు.

"ఏమిరా ఈ వేషం? బట్టలు యాడ? పనికి పోల్యా?"

జయపాల్ అంతా చెప్పేశాడు. ఈత సంగతి కూడా. రూతమ్మ ముందు ఆ ఒక్క మాటే విన్నది.

"నీళ్ళలోకి దిగినావా? మీ నాయన పోయిన నీళ్ళలోకి!" రెండు చెంపలూ వాయించి, ఆ తర్వాత తనే కూలబడి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, కొంగుతో ముక్కు తుడుచుకుని అడిగింది. "ఆ పిల్లకు చెప్పినావా, నువ్వంటే ఇష్టమని?"

"వాళ్ళ నాయనకు చెప్పినా."

"వాళ్ళ నాయన్ని చేసుకుంటావా? పిల్లకు చెప్పకుండా వచ్చినోనికి ఏడ్చే హక్కు ల్యా. పో. సామాన్లు తెచ్చుకో, ఆ పిల్ల మొగం చూసి ఒక మాట చెప్పి రా. కాదంటే ఇంటికొచ్చి ఎంతసేపైనా ఏడువు, నేను అన్నం పెడతా."

పాత చొక్కా, ప్యాంటు తొడిగించి, బస్సెక్కించి పంపింది.

బస్సు కిటికీ పక్కన కూర్చుని జయపాల్ చెప్పాల్సిన మాట కూర్చుకుంటున్నాడు. ధర్మవరం దగ్గర పడుతుండగా ముందు సీట్లో ఒకామె ఫోన్ పెట్టేసి పక్కామెతో అంది.

"చెరువులో పడినారంట. పొద్దున్నించి వెతుకుతాండారు, ఇంకా దొరకల్యా."

"ఎవురంట?"

"పట్టు నేసే నరసప్ప లేడూ, ఆయన కూతురి యవ్వారమంట. ఏదో లవ్వంట. ఆదివారం తాంబూలాలు పెట్టుకున్యారు పాపం."

జయపాల్ ముందు సీటు కమ్మీ పట్టుకున్నాడు. ముందుకు వంగాడు. "అక్కా... పడింది ఆ అమ్మాయా?"

"ఇంగెవురప్పా? లవ్వంటే మునిగేది ఆడపిల్లే కదా."

ఆమెకు తెలిసింది అంతే. తెలియనిది లోకం పోకడను బట్టి కలిపి చెప్పింది. కానీ జయపాల్ లోపల ఏదో విరిగిన చప్పుడు అతనికే వినిపించింది. తల వంచుకోవడం తనను వద్దనడం కాదన్నమాట. తండ్రి ముందు నోరు రాక వంచుకున్న తల అది. దాన్ని చూసి రోషం తెచ్చుకుని, ఏడుపు మొహంతో పారిపోయాడు తను. ఆమె ఒంటరిగా ఆ బండ మీద నిలబడిపోయింది.

మరవ దగ్గర బస్సు ఆగకముందే దూకాడు. ఆ పక్కనంతా వేరే ఊళ్ళ జనం, చేపల వల వేస్తున్నవాళ్ళు, గట్టు మీద చూసేవాళ్ళు. తనను ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేరు.

"దొరికిందా?" అని అరిచాడు.

"యాడ దొరికేది! నీకు ఈత వచ్చా?"

"వచ్చు."

"వస్తే నిలబడి అడుగుతావేమప్పా? దిగు!"

దూకాడు. పొద్దున ఏడుస్తూ దాటిన నీళ్ళే, ఇప్పుడు ఏడవడానికి కూడా ఊపిరి లేదు. మునిగి, బురదలో చేతులు పెట్టి తడిమాడు. నాచు తగిలితే జుట్టు అనుకున్నాడు. గుడ్డపీలిక తగిలితే గుండె ఆగింది, తీరా లాగితే అది ఎరువుల గోతం. పైకి రావడం, గాలి మింగడం, మళ్ళీ మునగడం. అలా రేవు వైపు వెతుక్కుంటూ పోయాడు.

నీళ్ళ కింద దేవుడితో బేరమాడాడు. ప్రభువా, ఆమెను శివప్రసాద్‌కే ఇచ్చేయ్. హిందూపురంలో షాపులో కూర్చోనీ. నలుగురు పిల్లల్ని కననీ. నా పేరు కూడా మర్చిపోనీ. ఊరికే ఊపిరి తీసుకుంటూ యాడో ఒకచోట ఉంటే చాలు. నేను దూరం నుంచి కూడా చూడను. మా అమ్మ మీద ఒట్టు.

చేతులు తిమ్మిరెక్కాయి. పొద్దు వాలుతోంది, నీళ్ళలో వెలుగు సన్నగిల్లుతోంది. వెలుగు పోతే వెతుకులాట ఆపేస్తారు. ఇంకొక్కసారి అనుకుని మునిగాడు. పైకి రావాలనిపించలేదు. తండ్రికి బావిలో ఆఖరున ఇలాగే అనిపించిందేమో, ఎందుకు పైకి అని. అక్కడే, ఆ చీకట్లోనే కాసేపు ఉండిపోయాడు.

ఒక చేయి వచ్చి అతని జుట్టు పట్టుకుంది.

పట్టుకుని, గట్టిగా, బలంగా పైకి ఈడ్చింది. నీళ్ళ పైకి తలలు రాగానే ఒక గొంతు పగిలినట్టు అరిచింది. "దొరికినాడు! గంగాధరా, దొరికినాడు రా! అయ్యో నా నాయనా, దొరికినావా..."

శవం దగ్గింది. దగ్గి, నీళ్ళు కక్కి, అరిచిన మనిషి మెడ పట్టుకుని వేలాడింది.

"మామా! భాగ్య దొరికిందా మామా?"

నరసప్ప నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. పెదవులు నల్లబడ్డాయి, కళ్ళు నెత్తురు ముద్దల్లా ఉన్నాయి. పొద్దున్నుంచి నీళ్ళలోంచి ఎక్కని మనిషి ముఖం అది. మెల్లగా చేయెత్తి జయపాల్ చెంప తడిమాడు. వెచ్చగా ఉందో లేదో చూసుకున్నాడు. ఆ తర్వాత అదే చెంప మీద చెళ్ళున ఒకటిచ్చాడు.

"అదెందుకు దొరకాల రా? అది పోతే కదా! పోయింది నువ్వు! పొద్దున్నించి నిన్ను వెతుకుతాండాము రా దొంగనాయాలా!"

జయపాల్‌కు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక కాళ్ళు ఆడించడం మర్చిపోయి మళ్ళీ మునిగాడు. నరసప్పే మళ్ళీ జుట్టు పట్టుకోవాల్సి వచ్చింది.

బండల రేవులో సగం ధర్మవరం నిలబడి ఉంది. భాగ్యశ్రీ నీళ్ళ అంచున కూర్చుని ఉంది, ఒళ్ళో అతని చెప్పులు. తండ్రి భుజం మీద చేయి వేసుకుని నడిచొస్తున్న మనిషిని చూసి లేచింది. దగ్గరికి వచ్చింది. ఆ చెప్పుతోనే భుజం మీద కొట్టింది, ఇంకోసారి కొట్టింది. మూడోసారి చేయి లేవలేదు.

"సచ్చిపోయినావనుకున్యా" అంది. "నోరు మూసుకొని నిలబడినందుకు సచ్చిపోయినావనుకున్యా."

"నేను... నువ్వే పోయినావని బస్సులో చెప్పినారు. నీకోసం దిగినా."

"యాడికి పోతా నేను? నిన్ను తిట్టకుండా పోతానా?" నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి చేసి ఆమె నేల మీద కూలబడింది.

జయపాల్ ఆమె ముందు కూర్చున్నాడు. బస్సులో కూర్చుకున్న మాటలన్నీ చెరువులో కొట్టుకుపోయాయి. "నువ్వంటే ఇష్టం. ఇది చెప్పేదానికే వచ్చినా. వద్దంటే పోతా."

"ఇంగోసారి పోతానంటే నేనే ముంచుతా" అంది భాగ్యశ్రీ, ఊరంతా వింటుండగా.

గంగాధర అనే ముసలి ఈతగాడు జయపాల్‌కు టవలిస్తూ సంగతి చెప్పాడు. జత మిగిలిందని తెలిసిన మరుక్షణం ఆ పిల్ల తండ్రి మీద విరుచుకుపడిందట. నా మనిషిని నువ్వే పొమ్మన్నావని అందరి ముందూ అరిచిందట. మధ్యాహ్నానికల్లా ఆ అరుపు హిందూపురం చేరింది. ఆదివారం రావడం లేదని శివప్రసాద్ వాళ్ళు ఫోన్ చేశారు. ఎవరో ఒడ్డు నుంచే నరసప్పను పిలిచి ఆ మాట చెబితే, రానీ పోనీ అని ఆయన మళ్ళీ మునిగాడట.

నరసప్ప బండకు ఆనుకుని కూర్చుని గజగజ వణుకుతున్నాడు. జయపాల్ తన టవలు తీసి ఆయన మీద కప్పాడు.

"మీ యమ్మకు చెప్దామన్యారు రా అందరూ" అన్నాడు నరసప్ప, అతని వైపు చూడకుండా. "నేనే వద్దంటి. మనిషి దొరికినాక నేనే పోయి చెప్తానంటి. పొద్దున్నించి నీళ్ళ కింద అదే ఆలోచన. మొగున్ని బాయికి ఇచ్చుకున్న ఆమె ముందర నిలబడి ఏమని మొదలు పెట్టాల? ఒక్క మాట రాల్యా నాకు. ఒక్కటంటే ఒక్కటి." చేతులతో ముఖం రుద్దుకున్నాడు. "మా కులపోళ్ళు రేపు ఏమేమి అంటారో అననీ. ఈ పొద్దు నేను నాకు చెప్పుకున్నంత మాట ఎవుడూ అనలేడు. ఫోన్ కలుపు."

జయపాల్ బండ మీది తన బట్టల్లోంచి ఫోన్ తీసి, నంబరు నొక్కి ఇచ్చాడు. నరసప్ప రెండు చేతులతో ఫోన్ పట్టుకున్నాడు.

"అమ్మా, నేను ధర్మవరం నరసప్పను. నీ పిల్లోడు బాగుండాడు. మొదట అది విను, బాగుండాడు. నా పక్కనే ఉండాడు. ఆదివారం నువ్వు మా ఇంటికి రావాల. మీ ప్రార్థన అయినాకనే రా. తాంబూలాలకని పండ్లు, పూలు అన్నీ చెప్పి పెట్టినాము, ఇంగ దేనికీ ఇబ్బంది లేదు."

అవతలి నుంచి రూతమ్మ గొంతు సన్నగా వచ్చింది. జయపాల్‌కు కూడా వినిపించింది.

"నువ్వు చెప్పినట్టే వస్తా, అన్నా. నాకు ఒక్కటే చెప్పు. నా బిడ్డను ఇంగ నీళ్ళలోకి దింపనని చెప్పు."

నరసప్ప చెరువు వైపు చూశాడు. అబద్ధం చెప్పడానికి అదే సమయం, ఎవరైనా చెప్పేవాళ్ళు. ఆయన చెప్పలేదు.

"అది నాతో కాదమ్మా. రేపు పొద్దున మళ్ళా దిగుతాడు, నేనే దింపుతా. కానీ వాడు ఒడ్డెక్కేంతవరకు నేను ఇంటికి పోను. ఎంత పొద్దు పోనీ, నేను పోను."

అవతల రూతమ్మ కొంగుతో ముక్కు తుడుచుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత, ఆదివారం ఎన్ని గంటలకు రావాలని అడిగింది.